నిలవ ఉప్పునీళ్ళు, మెతోది, నేను

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టర్ బిసెరా గారికి, వేదిక మీదున్న పెద్దలకు, రూసె నగర పౌరులకు, డాన్యూబ్ వంతెన దాటి అవతలి దేశపు జుర్జు నుంచి వచ్చిన పొరుగు మిత్రులకు, వెనక వరుసలో కూర్చుని సభ మొదలవకముందే జున్ను పెట్టిన బానిత్సల పళ్ళెం ఖాళీ చేసేసిన పంపుల విభాగం వారికి (నవ్వులు) నెవెనా నమస్కారాలు.

నా పదవీ విరమణ రోజు కోసం నేనొక చక్కటి ప్రసంగం రాసుకుని వచ్చాను. పగడాల గురించి, ఓపిక గురించి, ఈ పాత ధాన్యపు గోదాము అక్వేరియంగా మారిన తీరు గురించి అందులో మంచి మంచి మాటలున్నాయి. ఆ కాగితాలు చేతిలోనే ఉన్నాయి గానీ ఒక్క అక్షరం కంటికి ఆనడం లేదు. ఎందుకంటే కాసేపటి క్రితం ఇదే మైకు ముందు నిలబడి బిసెరా గారు చేసిన ప్రకటన మీరూ విన్నారు, నేనూ మీతోపాటే మొదటిసారి విన్నాను. నా తర్వాత పగడాల విభాగాన్ని చూసుకోబోయేది మెతోది!

సరిగా వినలేదేమో అనుకుని పక్కనున్న కాలోయాన్ గారిని, అదే మన పళ్ళ డాక్టరు గారిని, అడిగాను.

"ఎవరన్నారు?"

"మెతోది అన్నారు."

"మన మెతోదియేనా?"

"ఇంకో మెతోది ఉంటే చూపించండి, ఆయనకే ఇద్దాం," అన్నారాయన. లేవబోయి మళ్ళీ కూలబడ్డాను, నాకిచ్చిన పూలగుత్తి మీదే కూలబడ్డాను. (నవ్వులు) ఫొటోగ్రాఫరు గారూ, ఆ ఫొటో మాత్రం పత్రికలో వేయకండి.

నవ్వండి. నాకు నవ్వు రావడం లేదు. ఎందుకు రావడం లేదో ఇక్కడ సగం మందికి తెలుసు, మిగతా సగం మందికి చెప్పకుండా దిగిపోతే నాకు ఈ రాత్రికి నిద్ర పట్టదు. అందుకని బిసెరా గారు అనుమతిస్తే ఆ అందమైన ప్రసంగం పక్కన పెట్టి జరిగింది చెబుతాను. ఆమె అనుమతించకపోయినా చెబుతాను. రేపటి నుంచి నా మీద ఆమెకు అధికారం లేదు కదా. (నవ్వులు, చప్పట్లు)

మా ఇంజనీరు మెతోదికీ నాకూ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన తగువు నిలవ నీళ్ళ గురించి. మన గుమ్మం ముందు డాన్యూబ్ ఎంత పారినా పగడాలకు చుక్క పనికిరాదు. వాటికి కావలసిన సముద్రాన్ని మనమే కలుపుకోవాలి. వడకట్టి శుద్ధి చేసిన నీళ్ళలో ఉప్పుపొడి కలిపి, కింది గదిలో పెద్ద తొట్లలో నిలవ పెట్టుకోవాలి. ఆ నిలవ తొట్లు ఎలా ఉండాలన్నది తగువు. వెచ్చగా ఉండాలి, లోపల పంపు ఎప్పుడూ తిప్పుతూ ఉండాలి అనేవాడు మెతోది.

"అక్కా, ఏదో ఒకరోజు పెద్ద తొట్టి అద్దం పగులుతుంది. ఆ రోజు చల్లటి నీళ్ళు పట్టుకుని ఏం చేస్తారు? పగడాలకు స్వెట్టర్లు అల్లుతారా?"

"వేడి చేసి గిలక్కొడుతూ కూర్చుంటే నీళ్ళలోని సున్నం విడిపోయి గోడలకు పట్టేస్తుందయ్యా. నీ టీ కెటిల్ లోపల ఎప్పుడైనా చూసుకున్నావా?"

"మూతపెట్టిన తొట్టిలోంచి ఏది ఎక్కడికి పోతుంది? రోజూ ఉప్పు కొలుస్తున్నాను. ఇసుమంత తేడా లేదు."

"ఉప్పు పోదు మెతోది. క్షారత పోతుంది."

క్షారత అంటే ఏమిటో అతిథులకు ఒక్క మాటలో చెప్పాలి. నీళ్ళు ఉన్నట్టుండి పులిసిపోకుండా కాపాడే బలం అది. పగడం తన రాతి ఎముకను కట్టుకునేది కూడా ఆ సరుకుతోనే. నీళ్ళు చూడటానికి అలాగే ఉంటాయి, నాలుకకు అలాగే ఉప్పగా ఉంటాయి, కానీ లోపలి సరుకు గోడ మీద తెల్ల పెచ్చుగా మారిపోయి ఉంటుంది. పైగా ఒకసారి పెచ్చు పట్టిందంటే దాని మీదికి ఇంకా చేరుతూనే ఉంటుంది. అందుకే చల్లగా, కదలకుండా, మూతపెట్టి ఉంచాలని, తొట్టి ఖాళీ అయినప్పుడల్లా వెనిగర్‌తో తోమాలని, వాడబోయే ముందు మాత్రమే వెచ్చచేసి, మళ్ళీ కొలిచి వాడాలని నేను. ఆ గదంతా ఊరగాయ వాసన వస్తోందని మెతోది. ఇది కూడా చెప్పాలి, ఆపద రోజున వెచ్చటి నీళ్ళు సిద్ధంగా ఉండాలన్న అతని మాటలో తప్పు లేదు. చివరికి రాజీ పడ్డాం. తొట్లు వెచ్చగానే ఉంటాయి, కానీ ఏ నీళ్ళనూ వారానికి మించి ఉంచం, నేను కొలవకుండా ఎవరూ వాడరు.

ఈ చలికాలం నాకు మోకాలి ఆపరేషన్ అయింది. మంచం మీదున్నాను. అదే సమయంలో హాలు మరమ్మతుల కోసం సందర్శకులను ఆపేశారు, నీళ్ళు మార్చడం తగ్గించారు. తొట్లలోని నీళ్ళు మాత్రం వెచ్చగా తిరుగుతూనే ఉన్నాయి. వారం దాటింది, నెల దాటింది. అది నాకు తెలియదు.

మార్చి మొదట్లో కర్ర ఊతంతో తిరిగి పనిలోకి వచ్చాను. వసంతం వస్తోందని మీరందరూ చేతులకు ఎర్ర తెల్ల దారాలు కట్టుకునే రోజులవి. నా చేతికి కూడా బిసెరా గారు కట్టారు. కాఫీ కప్పు పట్టుకుని పెద్ద తొట్టి ముందు నిలబడ్డాను. నాకెంతో ఇష్టమైన కొమ్ముల పగడం ముందు. వంతెన దగ్గర కస్టమ్స్ వాళ్ళు ఎవరి సంచిలోనో పట్టుకుని మనకు అప్పగించినప్పుడు అది నా చిటికెన వేలంత. ఆ రోజుకు నా చేతులు రెండూ చాచినా కౌగిలికి అందనంత. హాల్లో ఒక బడి పిల్లలున్నారు, వాళ్ళ టీచరమ్మ ఏదో వివరిస్తోంది. ఏదో చిటుక్కుమంది. ఎవరో పెన్సిలు విరిచారనుకున్నాను.

అద్దం అంచున అతుకు విడిపోయింది. ముందు సన్నటి తీగలా కారింది. ఆ టీచరమ్మ ఎవరో గానీ ఆమెకు దండం పెట్టాలి, ఒక్క క్షణం ఆలోచించకుండా "అందరూ మెట్ల మీదికి!" అని అరిచి పిల్లల్ని తోలుకుపోయింది. ఆ వెంటనే అతుకు కింది వరకూ చీలిపోయి నీళ్ళు గోడలా వచ్చాయి. నా కాఫీ ఏమైందో, నా కర్ర ఏమైందో తెలియదు. గోడ పట్టుకుని నిలబడ్డాను. బొమ్మల దుకాణంలోంచి గుడ్డ ఆక్టోపస్‌లు తేలుతూ వచ్చి నా మోకాళ్ళకు తగులుతున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ తల తిప్పి తొట్టి కేసి చూశాను. ముప్పై ఏళ్ళ నా బతుకు అద్దం వెనక గాలిలో, తడిగా మెరుస్తూ నిలబడి ఉంది.

చేపలను పట్టి పక్క తొట్లలో వేశారు. పగడాలను ప్లాస్టిక్ టబ్బుల్లోకి మార్చాలి, టబ్బుల్లోకి నీళ్ళు కావాలి. మెతోది అప్పటికే కిందికి పరిగెత్తాడు. తను ఏళ్ళుగా చెబుతున్న రోజు వచ్చింది కదా! వెచ్చటి నీళ్ళు పంపు చేసి మొదటి టబ్బు నింపాడు. నలుగురు కలిసి నా కొమ్ముల పగడాన్ని ఎత్తి అందులో దించారు. మెతోది మొహం వెలిగిపోతోంది. "చూశారా అక్కా! సిద్ధంగా ఉన్నాయి!" అన్నాడు.

"కొలిచావా?"

"ఉప్పు పొద్దున్నే కొలిచాను."

నేను మెట్లు ఒక్కొక్కటే దిగి కింది గదికి వెళ్ళి, చిన్న సీసాలో నీళ్ళు తీసుకుని మందు చుక్కలు వేయడం మొదలుపెట్టాను. నీలం రంగు పోయి పసుపు తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే అంత క్షారత. రావలసినన్ని చుక్కల్లో సగం కూడా పడకుండానే పసుపు తిరిగింది. లెక్క తప్పానేమో అనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. తొట్టి మూత ఎత్తించి దీపం వేసి చూశాను. హీటర్ల మీద బొటనవేలంత మందాన తెల్ల పెచ్చు. గోడల నిండా మంచు పడ్డట్టు తెలుపు. పగడాలు తినవలసిన సరుకంతా అక్కడుంది.

"పైన టబ్బులో పెట్టినదాన్ని తీసేయండి!" అని అరిచాను.

"తీసి ఎక్కడ పెట్టాలి అక్కా?" అన్నారు పైనుంచి. నిజమే. ఎక్కడ పెడతారు?

అప్పుడు మెతోది చేసిన పని చెప్పనా మానాలా? (సభలోంచి: "చెప్పండి!") చెప్పమంటున్నది మెతోదియే. సరే. ఆ మనిషి కంగారులో శుభ్రం చేసే సామాన్ల గదికి పరిగెత్తి, చాకలి సోడా బస్తా తెచ్చి, నేను "ఆగు, ఆగు, కొద్దికొద్దిగా కరిగించి..." అంటుండగానే రెండో తొట్టిలో గుమ్మరించాడు. మా కళ్ళముందే తొట్టి మొత్తం పాలలా తెల్లబడిపోయింది. మిగిలిన కాస్త సున్నం కూడా ఒక్కసారి విరిగిపోయింది. ఇద్దరం ఆ పాలకేసి చూస్తూ నిలబడ్డాం. అంత పొడుగు మనిషి నేల మీద, నీళ్ళలో కూలబడిపోయాడు. కొత్తగా నీళ్ళు కలపాలంటే శుద్ధి యంత్రం చుక్క చుక్కగా ఇస్తుంది, మర్నాటికి గానీ కావు. పగడాలకు మర్నాడు లేదు.

ఇక్కడి నుంచి నేను చూసినవి ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

మెతోది ఫోన్ తీశాడు. ఎవరికి చేశాడనుకున్నారు? మన ఊళ్ళో ఇళ్ళల్లో పగడాలు పెంచుకునే సంఘం వాళ్ళకు! వాళ్ళను మెతోది ఏమని పిలిచేవాడో వాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు, గట్టిగా చెప్పండి. (సభలోంచి: "స్నానాల తొట్టి నావికులు!" నవ్వులు) అదే. కింది గదిలోకి వాళ్ళను అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఆ సంఘంలోని కాలోయాన్ గారికి ఫోన్ చేసి, "డాక్టరు గారూ, నా వల్ల పగడాలు చచ్చిపోతున్నాయి. మీ దగ్గర నీళ్ళుంటే ఇవ్వండి," అన్నాడు. తాగడానికి అడుక్కున్నట్టు అడిగాడు. అటువైపు నుంచి కాలోయాన్ గారు ఏమన్నారో ఆయనే తర్వాత చెప్పారు. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటుతో, "నోరు మూసుకోండి, మళ్ళీ వస్తాను," అని బయల్దేరారట. (నవ్వులు) పాపం ఆ మనిషి కూడా వెంటే వచ్చాడు, బుగ్గ వాచిపోయి, డబ్బాలు మోశాడు. లేచి నిలబడండి, మొహమాటపడకండి. (చప్పట్లు)

మధ్యాహ్నానికల్లా గుమ్మం ముందు వరస కట్టారు. డబ్బాలు, బక్కెట్లు, చలికాలం పులిసిన క్యాబేజీ వేసుకునే నీలం పీపాలు. ఒక పీపా మూత తీస్తే వాసన గుప్పుమంది.

"కడిగారా అసలు?"

"మూడుసార్లు కడిగానమ్మా! ఆ వాసన పీపాది కాదు, నా కోటుది."

గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కరి నీళ్ళు కొలిచాను. ఒకరివి బాగా ఎక్కువ, ఒకరివి తక్కువ, ఒకరివి మా కింది గది నీళ్ళకు అన్నదమ్ములు. ఆ డబ్బా యజమాని నాతో తగువుకు దిగాడు. "మా తొట్టిలో అన్నీ బతికే ఉన్నాయి తెలుసా?" అంటాడు. వాళ్ళలో వాళ్ళు మావి మంచివంటే మావి మంచివని. చివరికి బాగున్నవన్నీ ఒక పెద్ద తొట్టిలో కలిపేశాం. ఎక్కువా తక్కువా కలిసి మధ్యలో నిలిచాయి. కానీ సగం పగడాలకే సరిపోయాయి.

అప్పుడు వచ్చింది వియోరికా. జుర్జులో సంగీతం చెప్పే టీచరమ్మ, ఇదుగో ముందు వరుసలోనే ఉంది. వ్యాను నిండా పీపాలు. వంతెన మీద తనిఖీవాడు ఆపి "ఏముంది లోపల?" అన్నాడట. "సముద్రం," అందట ఈమె. "అమ్మా, మీరు దాటుతున్నది నది," అని వాడు వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఇంకేం మాట్లాడకుండా పక్కకు తప్పుకున్నాడట. గుమ్మంలో మెతోది ఎదురయ్యాడు. "చోటుందా?" అని ఈమె అడిగితే మెతోది తల అడ్డంగా ఊపాడు. మన లెక్కలో అది అవునని. ఇన్నేళ్ళుగా వచ్చిపోతున్నా ఆ కంగారులో ఈమె తమ లెక్కలో కాదనుకుంది. పీపాలు మళ్ళీ వ్యాన్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది! మెతోది వ్యానుకు అడ్డంగా పడుకున్నంత పనిచేశాడు. (పెద్దగా నవ్వులు)

ఆమె నీళ్ళు కొలిచాను. ఎంత చల్లగా ఉన్నాయంటే వేళ్ళు కొంకర్లు పోయాయి. చుక్క తర్వాత చుక్క వేస్తున్నాను, నీలం పోవడం లేదు. సరిగ్గా రావలసిన చోట పసుపు తిరిగింది.

"ఎప్పుడు కలిపావమ్మా ఇవి?"

"క్రిస్మస్ ముందు. నేలమాళిగలో ఉన్నాయి. మూత తీయలేదు, వేడి లేదు, కదిలించలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆ పక్కనే నిలబడి మెతోది ఆ సీసాను చూస్తున్నాడు. వెచ్చచేసే పని అతనే తీసుకున్నాడు. సాయంత్రం వెలుగు ఉండగానే మిగతా పగడాలన్నీ నీళ్ళలో ఉన్నాయి.

మొదటి టబ్బులో పెట్టిన నా కొమ్ముల పగడాన్ని కూడా మంచి నీళ్ళలోకి మార్చాం. మర్నాడు మొదలు దగ్గర తెల్లగా కనిపించింది. ఆ తర్వాత కండ పైకి పైకి ఊడుతూ పోయింది, తడిసిన కాగితం ఊడినట్టు. చివరికి తెల్లటి ఎముక మిగిలింది. అదొక్కటే దక్కలేదు. మిగతావి బతికాయి.

విచారణ జరిగింది. మెతోది ఉద్యోగం పోతుందనే అందరం అనుకున్నాం. ఉప్పు కంపెనీ మీద నెట్టొచ్చు, మరమ్మతుల మీద నెట్టొచ్చు, నా మోకాలి మీద కూడా నెట్టొచ్చు. మెతోది నిలబడి, "వెచ్చగా ఉంచింది నేను. కొలవంది నేను. సోడా పోసింది నేను," అని కూర్చున్నాడు. వాళ్ళు అడగడానికి తయారుచేసుకున్న ప్రశ్నలన్నీ వృథా. హెచ్చరించి వదిలేశారు. నేను మాత్రం వదల్లేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు పని మాట తప్ప ఇంకో మాట అతనితో మాట్లాడలేదు. కాబట్టి చెప్పండి, ఇందాక ఆ పేరు వినగానే నేను పూల మీద కూలబడ్డానంటే ఆశ్చర్యమేముంది? బిసెరా గారూ, మీరు నన్ను ముందే ఒక్క మాట అడిగి ఉంటే...

(ముందు వరుసలోంచి వియోరికా ఏదో అంటుంది.)

ఏమిటమ్మా? గట్టిగా చెప్పు, అందరూ వింటారు.

"ప్రతి ఆదివారం మా నేలమాళిగలోనే ఉన్నాడు అంటున్నాను. మార్చి నుంచి. చుక్కలు వేయడం నేర్చుకున్నాడు. పీపాలు తోమాడు. ఆ పనిలో వేసుకోవడానికిచ్చిన మా ఆయన చొక్కాలన్నిటికీ వెనిగర్ వాసనే."

ఎవరు? మెతోదియా?

"ఆయన కాకపోతే ఇంకెవరు? బిసెరా గారికి నేనే చెప్పాను."

(నెవెనా వరుసల్లో మెతోది కోసం వెతుకుతుంది.)

మెతోది, లే. నిజమేనా? తల ఊపకు, నోటితో చెప్పు, ఇక్కడ రెండు దేశాల వాళ్ళున్నారు. (నవ్వులు)

"నిజమే అక్కా."

నాకెందుకు చెప్పలేదు? నన్నే అడగొచ్చు కదా!

"అడిగితే పొమ్మనేవారు."

అవును. పొమ్మనేదాన్నే.

(ఎవరో మంచినీళ్ళు అందించారు.)

క్షమించండి. ఒక్క సాయంత్రంలో రెండుసార్లు ఇలా దిమ్మతిరగడం నా వయసుకు మంచిది కాదు. ఈ మధ్య కింది గదిలో తొట్లు చల్లగా ఉండటం, పంపు ఊరికే తిరగకపోవడం, గోడలు అద్దంలా మెరుస్తుండటం నేను చూస్తూనే ఉన్నాను. బిసెరా గారి ఆజ్ఞ అనుకున్నాను. రోజూ కొన్ని నీళ్ళు పక్క చిన్న తొట్టిలోకి తీసి, అక్కడే వెచ్చచేసి సిద్ధంగా ఉంచి, మళ్ళీ కొలిచి పోస్తున్నారు. ఆపద రోజున వెచ్చటి నీళ్ళు, మామూలు రోజున చెడిపోని నీళ్ళు, రెండూ ఉన్నాయి. అంటే మా ఇద్దరి తగువునూ అతనొక్కడే తీర్చేశాడు, నాతో చెప్పకుండా!

మెతోది, కోపం పోయిందని అబద్ధం చెప్పను. చచ్చిపోయింది నేను పెంచిన పగడం. ప్రతి ఉదయం ఆ ఖాళీ చోటు వైపు కాళ్ళు వెళతాయి. ఇంకొన్నాళ్ళు నిన్ను చూస్తే నాకు అదే గుర్తొస్తుంది, నువ్వు భరించాలి. కానీ బిసెరా గారు ఇప్పుడు నన్ను అడిగితే, "ఎవరికివ్వమంటావు నెవెనా?" అని అడిగితే, నేనూ నీ పేరే చెబుతాను. చెబుతున్నందుకు నాకే దిగ్భ్రమగా ఉంది.

ఇంతకాలం నన్ను భరించిన పంపుల విభాగానికి, పీపాలు మోసిన స్నానాల తొట్టి నావికులకు, వాచిన బుగ్గతో సాయం చేసిన పేషెంటు గారికి, పిల్లల్ని కాపాడిన టీచరమ్మకు, వియోరికాకు, నన్ను ముందుగా అడగనందుకు బిసెరా గారికి కూడా కృతజ్ఞతలు.

నేనూ మా ఇంటి నేలమాళిగలో ఒక పీపా పెట్టుకున్నాను. చల్లగా, చీకట్లో, మూతపెట్టి. ఎప్పుడైనా మీకు కొరత పడితే ఫోన్ చెయ్యి మెతోది, తెస్తాను. కానీ గుమ్మంలో నన్ను చూడగానే "అక్క నీళ్ళు కదా" అని మర్యాదకు పోసేయకు. నా నీళ్ళు కూడా కొలువు. సగం చుక్కలే వస్తే నా మొహానే చెప్పి వెనక్కి పంపెయ్. సెలవు.